ఆండర్సన్ల ఆడపడుచు

ఇంజనీరు ఆండర్సన్ సార్ సహం అనే ఊళ్ళో కట్టడం సైట్లో నిచ్చెన దిగుతూ జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మస్కట్‌లో దార్సైట్ అనే పేటలో గుట్ట పక్కన ఉన్న ఆయన ఇంట్లో వంట నాది. భార్య పోయి చాలా కాలమైన మనిషి. పిల్లలు లేరు. స్వీడన్ నుంచి ఒక్క చుట్టమైనా వచ్చి చూసిపోయింది లేదు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని చారంతా చొక్కా మీద పోసుకునేవాడు. జ్వరమొస్తే ఎవరు చూస్తారు? బాత్రూంలో జారితే ఎవరు లేపుతారు? నాకు ఇట్లాంటి ఆలోచనలు పిలవకుండానే వస్తాయి, వచ్చాక పొమ్మన్నా పోవు.

అది గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది. ఒక శుక్రవారం ఉదయం తలుపు తీస్తే ఎదురుగా పొడుగాటి ఆడమనిషి నిలబడి ఉంది. నడివయసు, ఎండకు ఎర్రబడిన ముక్కు, చేతిలో మందుల సంచి. వెనకే కారు తాళం వేసుకుంటూ సారు కంపెనీ డ్రైవరు పోచన్న వచ్చాడు. పోచన్నది జగిత్యాల దగ్గర పల్లె.

"అవ్వా, ఈ మేడం దవాఖానల నర్సు. సార్ చేతికి కట్టు కట్టింది ఈమెనే. పేరు సిగ్రిడ్ ఆండర్సన్."

"ఏమంటివి? ఆండర్సనా?"

"అవు. సార్‌ది గూడ గదే గదా."

"సొంత చెల్లెలా, చిన్నాయన కూతురా?"

"నాకేమెరుక అవ్వా? ఒక్క దేశమోళ్ళు, ఒక్క ఇంటిపేరోళ్ళు. ఏదో ఒకటి అయితరు."

నాకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. మా రాజంపేట వైపు ఇంటిపేరు ఒకటైతే వాళ్ళు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. అయినా ఆ ఇంట్లో చావైతే ఈ ఇంట్లో మైల పడతారు. ఈ ఇంటి పిల్లను ఆ ఇంటికి ఇవ్వరు. ఆ లెక్కన దిక్కులేని మా సారుకు దేవుడు దేశం కాని దేశంలో ఒక చెల్లెల్ని పంపించాడు. నేను లోపలికి పోయి పోపు డబ్బాల చాటున కళ్ళు తుడుచుకుని, రెండు గ్లాసుల కాఫీ కలిపాను.

మేడం వెళ్ళేటప్పుడు నుదుట బొట్టు పెట్టి, ఒక రవికెగుడ్డ చేతిలో పెట్టాను. ఇంటికొచ్చిన ఆడపడుచును వట్టి చేతులతో పంపకూడదు. ఆమె ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, వంగి నన్ను గట్టిగా కౌగిలించుకుంది. మందుల వాసన, సబ్బు వాసన కలిసి వచ్చాయి.

తర్వాత ప్రతి శుక్రవారం వచ్చేది. కట్టు విప్పేశారు, అయినా వచ్చేది. చెయ్యి పూర్తిగా కుదిరి సారు మళ్ళీ కారు తోలుకుంటున్నాడు, అయినా వచ్చేది. వసారాలో కుర్చీలు పక్కపక్కన వేసుకుని ఇద్దరూ కొండ వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు. మాట్లాడేది తక్కువ. ఉన్నట్టుండి నవ్వేవాళ్ళు. సాయంత్రం సముద్రం ఒడ్డుకు పోయేవాళ్ళు. చిన్నప్పుడు కలిసి పెరగలేదు పాపం, ఇప్పుడు ఆ ముచ్చట తీర్చుకుంటున్నారని నేను మురిసిపోయాను. ప్రతిసారీ బొట్టు పెట్టాను, ప్రతిసారీ రవికెగుడ్డ ఇచ్చాను. ఇంట్లో గుడ్డలు అయిపోతే హమ్రియా బజారుకు పోయి తెచ్చాను.

పక్కింట్లో పిల్లల్ని చూసుకునే చాంద్ బీది కడప. చెత్త వేయడానికి ఇద్దరం ఒకే వేళకు బయటికి వచ్చేవాళ్ళం.

"ఏమక్కా," అంది ఒకరోజు, "మీ సారు శుక్రవారం పూట నున్నగా గడ్డం గీసుకోని, సెంటు కొట్టుకోని వసారాలో నిలబడతాండాడే. చెల్లెలికోసం సెంటు కొట్టుకుంటారా యాడన్నా?"

"శుభ్రమైన మనిషిలే. నీ మాదిరి అందరూ వారానికొకసారి తల దువ్వుకుంటారనుకుంటివా?"

"సరే సరే. నీ కండ్లద్దాలు మార్పించుకో ముందు."

చాంద్ బీకి నోటి దురుసని తీసిపారేశాను.

రంజాన్ నెల మొదలైన కొద్ది రోజులకు, ఒక శుక్రవారం పొద్దున నేను దోసెలు పోస్తుంటే సారు, మేడం, పోచన్న ముగ్గురూ వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. సారు మొహం స్కూలుకు సెలవిచ్చిన పిల్లాడి మొహంలా వెలిగిపోతోంది.

"అవ్వా, ఖుష్ ఖబర్," అన్నాడు పోచన్న. "సారు, మేడం లగ్గం చేసుకుంటుండ్రు. ఈద్ అయినంక, రూవీ చర్చిల. దావత్ వంట నువ్వే చెయ్యాల్నంట."

"సుబ్బమ్మ, ఖానా తుమ్, ఓన్లీ తుమ్," అన్నాడు సారు తనకు వచ్చిన హిందీలో.

పెనం మీద దోసె నల్లబడిపోయింది. నేను పెనం దించాను. తలనొప్పిగా ఉందని చేత్తో చూపించాను. మేడం వెంటనే నా నుదురు తాకి చూసి, సంచిలోంచి బిళ్ళ తీసి ఇచ్చింది. ఆ బిళ్ళ అరచేతిలో పెట్టుకుని, అన్నాచెల్లెళ్ళ పెళ్ళికి నా చేత్తో బూరెలు వండాలా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే చాంద్ బీ దగ్గరికి పోయాను. ఆమె ఉపవాసంలో ఉంది, అయినా నవ్వడానికి ఓపిక మిగుల్చుకుంది.

"నేను చెప్పలా? సెంటు అని చెప్పలా?"

"నవ్వద్దు చాంద్ బీ. ఇంటిపేరు ఒకటే వాళ్ళది. తోడబుట్టినట్లే గదా."

"అయితే ఏమి? మా ఆయన మా పెదనాయన కొడుకే. ఇంటిపేరు మార్చుకునే పని గూడా లేకపాయ."

"మీ పద్ధతి వేరు."

"మీ పద్ధతి నాకు తెలీదా? అక్క కూతుర్ని చేసుకుంటారు మీరు. ఎత్తుకోని ఆడిచ్చిన పిల్లకు తాళి కడతారు, దానికి అందరూ వచ్చి అక్షింతలేస్తారు. అదే ముక్కూ మొహం తెలీని వాడు, ఇంటిపేరు ఒకటైతే మాత్రం, అన్న! ఇదేం లెక్కక్కా?"

ఆమె లెక్కలో తప్పు లేదు. లెక్క సరిపోయినంత మాత్రాన భయం పోతుందా?

"వాళ్ళకు తెలీదేమో," అన్నాను. "చెప్పే పెద్దలు లేరేమో. నేను చెప్పకపోతే ఆ పాపం నాది. చెబితే..."

"చెబితే ఏమవుతాది?"

చెబితే ఆ ఇల్లు నాకు లేకుండా పోతుంది. నేను మస్కట్ వచ్చినప్పటి నుంచి ఎవరినో ఒకరిని సీబ్ ఎయిర్‌పోర్టుకు సాగనంపుతూనే ఉన్నాను. మొదటి ఇంటి పంజాబీ పిల్లలు, రెండో ఇంటి గుజరాతీ ముసలమ్మ, నాతో ఒకే రూమ్‌లో ఉన్న చీరాల అమ్మాయి. పోయినవాళ్ళు పోతూ చెయ్యి ఊపుతారు, తర్వాత వంటింట్లో నేనే ఉంటాను. ఆ స్వీడన్ మనుషులిద్దరూ వసారాలో పక్కపక్కన కూర్చుని ఉంటే మొదటిసారిగా నాకు, వీళ్ళు ఎక్కడికీ పోరు అనిపించింది. ఇప్పుడు నా నోటితో నేనే వాళ్ళను పోగొట్టుకోవాలి.

మరుసటి శుక్రవారం దాకా చారు తప్ప ఏమీ సరిగ్గా వండలేకపోయాను. చారులో కూడా ఉప్పు రెండుసార్లు పడింది. ఇద్దరూ వసారాలో కూర్చున్న వేళ పోచన్నను చెయ్యి పట్టుకుని వసారా గుమ్మం దాకా లాక్కెళ్ళాను.

"నేను జెప్ప," అన్నాడు పోచన్న, సంగతి విని. "గిదేం లొల్లి అవ్వా? నా కొలువు పోతది."

"పోతే నాది పోతాది. నువ్వు నా మాట ఇంగిలీషులోకి మార్చు, అంతే."

పోచన్న తల గోక్కుని, వాళ్ళ ముందు నిలబడి, "సార్. అవ్వ సే... సేమ్ నేమ్. బ్రదర్ సిస్టర్. నో మ్యారేజ్. బిగ్ ప్రాబ్లమ్," అన్నాడు. అని, తనకు ఏ సంబంధమూ లేనట్టు గుట్ట వైపు తిరిగాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత సారు నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీ చప్పుడు చేసేంత నవ్వాడు. మేడం కూడా నవ్వింది, కానీ ముందు ఆమే ఆపింది. నా చేతులు చూసింది. కొంగు చివర మెలిపెట్టి మెలిపెట్టి వేళ్ళు తెల్లబడిపోయి ఉన్నాయి. లేచి తన కుర్చీ నా వైపు జరిపి, నన్ను కూర్చోబెట్టి, సారును స్వీడన్ భాషలో ఏదో కసిరింది. సారు నవ్వు ఆపి గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఇంటి యజమాని పేరేమిటి?" అని అడిగించాడు.

"సాలిం బిన్ సయీద్," అన్నాను.

"ఆయన కొడుకు పేరు?"

"ఖమీస్ బిన్ సాలిం."

"చూశావా, బిన్ అంటే కొడుకు. తండ్రి పేరు కొడుక్కి, కొడుకు పేరు మనవడికి. మా దగ్గరా ఒకప్పుడు అంతే. ఆండర్స్ అనేవాడి కొడుకు ఆండర్సన్. ఆ ఆండర్సన్ పేరు నీల్స్ అయితే, వాడి కొడుకు నీల్సన్. తరం మారితే పేరు మారేది. నూరేళ్ళ కిందట అట్లా మార్చడం మానేశారు. ఆనాడు ఎవరి మీద ఏ పేరు ఉంటే అది అట్లాగే వంశానికి ఉండిపోయింది. ఆండర్స్ అనే పేరు మా వాళ్ళకు మహా ఇష్టం. ఊరూరా ఆండర్సులే. అందుకని దేశం నిండా ఆండర్సన్లే."

ఇదంతా పోచన్న విని, నాకు తన పద్ధతిలో చెప్పాడు.

"అవ్వా, మా దిక్కు పోచమ్మ తల్లి పేరు మీద వాడకొక పోచన్న ఉంటడు. ఒక దినం సర్కారోడు వచ్చి, పోచన్నల కొడుకులందరి ఇంటిపేరు ఇగ 'పోచన్న కొడుకు'నే అని రాసుకపోయిండనుకో. అప్పుడు ఆ పోచన్న కొడుకులంత అన్నదమ్ములైతరా?"

"కారు," అన్నాను. ఒప్పుకోవాల్సి వచ్చింది. "అయితే ఒక మాట. ఈయమ్మ ఆడపిల్ల గదా. ఆండర్సు కొడుకెట్లయింది?"

ఈ మాట ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి మేడం చప్పట్లు కొట్టింది. పాతకాలంలో ఆడపిల్లలకు ఆండర్సు కూతురు అనే పేరు ఉండేదట. వాళ్ళ అవ్వ వాళ్ళమ్మ అట్లాగే రాసుకునేదట. పేర్లు గడ్డకట్టినప్పుడు కూతుళ్ళు కూడా కొడుకులైపోయారట. "నన్ను ఇన్నేళ్ళుగా ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు" అంది.

తర్వాత ఇద్దరూ పోటీపడి చెప్పారు. వాళ్ళ ఊళ్ళలో టెలిఫోన్ పుస్తకంలో పేరు పక్కన చేసే పని కూడా వేస్తారట, వడ్రంగి అనో టీచరు అనో. లేకపోతే ఏ ఆండర్సన్ ఎవరో తేలదట. కొందరు విసుగెత్తి ఆ పేరు వదిలేసి ఒక చెట్టు పేరు, ఒక కొండ పేరు కలిపి కొత్త ఇంటిపేరు పెట్టుకుంటారట. మేడం ముత్తాత సిపాయి. పటాలం నిండా ఒకే పేరువాళ్ళు ఉంటే పిలిచినప్పుడు అందరూ పలుకుతారని, దళపతి సిపాయికొక పొట్టి పేరు పెట్టేవాడట. ఆయనకు పెట్టిన పేరుకు చురుకైనవాడని అర్థం. సిపాయికి ఊరివాళ్ళు ఒక చిన్న ఇల్లు ఇస్తారు. ఆ సిపాయి పోయి వేరేవాడు ఆ ఇంట్లోకి వస్తే, చాలాసార్లు ఆ పేరూ వాడికే.

"ఇల్లు ఖాళీ చేసి పోతే పేరు గూడా అక్కడే వదిలిపెట్టి పోవాల్నా?" అన్నాను.

"అవునట అవ్వా. గిన్నెలు, చెంబులు వదిలిపోయినట్టు."

మా వాళ్ళు దాన్ని ఇంటిపేరు అంటారు గాని, నిజంగా ఇంటికి అంటుకునే పేరు వీళ్ళదే అనుకున్నాను. సారుది దేశానికి దక్షిణం కొస, చదునైన చేల ఊరు. మేడంది ఉత్తరం, ఎండాకాలంలో పొద్దు గుంకని చోటు. మధ్యలో రైలు ఒక పగలూ ఒక రాత్రీ నడుస్తుందట. మస్కట్‌లో ఆసుపత్రి మంచం మీద తప్ప ఆ రెండు కుటుంబాలు కలిసే దారే లేదు.

నా తల ఒప్పుకుంది. కానీ అక్షింతలు వేయాల్సింది తల కాదు, చేతులు. ఆ మాటే చెప్పాను. "మీరు చెప్పింది నిజమే సార్. నేను మూఢురాలిని కాను. అయినా ఒకే ఇంటిపేరు వినపడతాంటే నా చెయ్యి లేచేట్టు లేదు. ఏం చేసేది?"

సారు ఏదో అనబోయాడు. మేడం ఆపింది. "మీ ఊళ్ళో ఇట్లా జరగదా? అప్పుడు ఏం చేస్తారు?" అని అడిగింది.

"జరుగుతాది. ఎప్పుడైనా పిల్లా పిల్లోడు ఇష్టపడి, విడదీసేదానికి పెద్దలకు మనసు రాకపోతే, పిల్లను ఇంకో ఇంటికి దత్తత ఇస్తారు. వాళ్ళు ఒళ్ళో కూర్చోబెట్టుకోని తమ ఇంటిపేరు ఇచ్చి, ఆ ఇంటి బిడ్డగా పెళ్ళి చేసి పంపిస్తారు."

పోచన్న దీన్ని మార్చి చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. మధ్యలో తన ఒడిలో తానే ఏదో కూర్చోబెట్టుకుని చూపించాడు. మేడం కళ్ళు పోచన్న మీద నుంచి నా మీదికి వచ్చాయి.

"సుబ్బమ్మా, నీ ఇంటిపేరు ఏమిటి?"

"చింతకుంట."

"అంటే?"

"చింతచెట్టు, దాని పక్కన నీళ్ళు నిలిచే కుంట."

"చెట్టూ నీళ్ళూ! ఇది అచ్చం స్వీడన్ పేరే," అని సారు తొడ చరిచాడు.

మేడం నవ్వలేదు. "అయితే నన్ను నీ ఇంటికి తీసుకుంటావా?" అంది.

కూతుర్ని చేసుకుంటే ఆ కూతుర్ని అప్పగించాలి. పాలల్లో ఆమె చేతులు ముంచి, అత్తవారి చేతుల్లో పెట్టి, మా బిడ్డను బాగా చూసుకోండని ఏడవాలి. నా సొంత కూతురి పెళ్ళి రాజంపేటలో జరిగినప్పుడు నేను హమ్రియాలో ఎవరి ఇంట్లోనో పప్పు రుబ్బుతున్నాను. సెలవు దొరకలేదు. పిల్లను అప్పగించింది మా వదిన. ఫోటోలో నా కూతురు వదిన భుజం మీద తల పెట్టి ఏడుస్తుంటుంది. ఆ ఫోటోను నేను ఎక్కువసేపు చూడను. ఒక అప్పగింతకు దూరంగా ఉన్నందుకే ఇంత బాధ. ఇప్పుడు దగ్గరుండి ఇంకొకటి నెత్తికి ఎత్తుకోవాలా?

"అవ్వా," అన్నాడు పోచన్న మెల్లగా, "మేడం ఇంక అడుగుతనే ఉన్నది."

ఆమె నిజంగానే నా మీది నుంచి చూపు తిప్పలేదు. పరదేశంలో పెళ్ళి చేసుకోబోతున్న పిల్ల. తలంటు పోసే తల్లి దగ్గర లేదు. నేను లేచి, ఆమె తల మీద చెయ్యి పెట్టాను.

ఈద్ తర్వాత శుక్రవారం పొద్దున్నే చాంద్ బీ, నేను మేడంకు తలంటు పోశాం. ఆమె జుట్టు ఎంత పలచనో, కుంకుడుకాయ నురుగు ఎంత చిక్కనో. "కండ్లు మూసుకో బిడ్డా, మండుతాది" అని చాంద్ బీ అరుస్తుంటే, తెలుగు తెలియకపోయినా గట్టిగా మూసుకుంది. తర్వాత పసుపు చీర కట్టి, హాల్లో చాప పరిచి, నేను కాళ్ళు చాపి కూర్చున్నాను.

"మోకాళ్ళు పైలం అవ్వా," అన్నాడు పోచన్న. "మేడం సగం సైట్ క్రేన్ అంత ఉంటది."

మేడం ఆసుపత్రిలో రోగిని దించినంత జాగ్రత్తగా తనను తాను నా ఒళ్ళోకి దించుకుంది. బరువంతా చేతుల మీదే ఆపుకుని, ఊరికే ఆనుకుంది. నేను ఆమె చెవిలో నా ఇంటిపేరు చెప్పాను. ఆమె దాన్ని తిరిగి చెప్పింది. ఒక్క అక్షరమూ పోనివ్వలేదు, అంతగా సాధన చేసుకుంది కాబోలు.

చర్చిలో పెళ్ళి అయ్యేలోపు నేను, చాంద్ బీ బూరెలు, చిత్రాన్నం, వంకాయ కూర, కోడికూర సిద్ధం చేశాం. కోడికూర చాంద్ బీది. సహం సైట్ వాళ్ళు, ఆసుపత్రి వాళ్ళు, ఇంటి యజమాని సాలిం, అందరూ వచ్చి వసారాలో నిండిపోయారు. కారు ఆగింది. నేను ఇత్తడి గిన్నెలో పాలు పట్టుకుని గేటు దగ్గరికి పోయాను.

కూతురి చేతులు పాలల్లో ముంచి, అల్లుడి అరచేతుల్లో పెట్టాను. చెప్పాల్సిన మాటలు నాకు గుర్తున్నాయి. సగమే చెప్పాను. మిగతా సగం ఏడ్చాను. సారు కూడా ఏడ్చాడు. ఎందుకో ఆయనకు తెలిసిందో లేదో.

అప్పుడు చాంద్ బీ నా మోచెయ్యి గిల్లింది. "అక్కా, ఏడ్చింది చాలు. లోపల హారతి పట్టేదెవురు? పెళ్ళికొడుకు తరపున ఒక్క ఆడమనిషి లేదు."

నిజమే. అత్తగారి స్థానంలో గుమ్మంలో నిలబడాల్సింది ఎవరు? నేను చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఇంటి పక్క సందులోంచి పరుగెత్తి, వంటింటి తలుపున దూరి, పళ్ళెంలో పసుపు సున్నం నీళ్ళు కలిపి, కర్పూరం వెలిగించి, ఆయాసంతో ముందు గుమ్మంలోకి వచ్చేసరికి ఇద్దరూ మెట్ల మీద ఉన్నారు. ఇందాక గేటు దగ్గర ఏడ్చిన మనిషే ఇక్కడ నవ్వుతూ నిలబడితే సారు అయోమయంగా వెనక్కి తిరిగి చూశాడు.

"గీ దిక్కు ఆమె అత్త, సార్," అన్నాడు పోచన్న.

మా వైపు కొత్త జంట గడప దాటాలంటే పేర్లు చెప్పాలి. అప్పటిదాకా దారి ఇవ్వరు. నేను పళ్ళెం అడ్డం పెట్టాను.

"ఎవరు వచ్చినారు? పేర్లు చెప్పండి."

"చింతకుంట సిగ్రిడ్," అంది నా కూతురు. అని, భర్త వైపు చూసి సిగ్గుపడింది.

"నువ్వు?"

"ఆండర్సన్."

"మీ దేశం నిండా ఉన్నారంట గదా. ఏ ఆండర్సన్?"

పోచన్న మార్చి చెప్పాడు. వసారాలో నవ్వులు మొదలయ్యాయి. సారు ఆలోచించాడు. ఇంజనీరు అంటాడేమో అనుకున్నాను. సహం అంటాడేమో అనుకున్నాను. ఆయన పోచన్న చెవిలో ఏదో అడిగి, రెండుసార్లు లోలోపల గొణుక్కుని, పైకి గట్టిగా అన్నాడు.

"సుబ్బమ్మ అల్లుడు ఆండర్సన్."

నేను పళ్ళెం పక్కకు తీశాను.